ముప్పై రెండు కళ్లు... ఒక్క తెర!

ఆదివారం ఉదయం పది గంటలు. కొండాపూర్‌లో ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్. ప్లాస్టిక్ కుర్చీలు వేసి సంఘం మీటింగు పెట్టారు. అజెండా ఒక్కటే... పోయిన బండి!

మూడో అంతస్తులో ఉండే కుటుంబం సంక్రాంతికి ఊరెళ్లింది. పనిలో పనిగా పెద్దాయనకు కంటి ఆపరేషన్ కూడా చేయించుకుని పదిహేను రోజుల తర్వాత తిరిగొచ్చింది. వచ్చేసరికి సెల్లార్లో మోటారుసైకిల్ లేదు. 'భోగి నాడు చూశానయ్యా... కనుమ తర్వాత కనిపించలేదు' అంటాడు వాచ్‌మన్. 'భయమెందుకు? ముప్పై రెండు కెమెరాలున్నాయిగా!' అని అందరూ సెక్యూరిటీ గదిలోకి పరిగెత్తారు. తీరా చూస్తే కంప్యూటర్లో పదకొండు రోజుల బొమ్మలే ఉన్నాయి. పండగనాటివి ఎప్పుడో చెరిగిపోయాయి. ఉన్నవాటిని చూద్దామన్నా బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. మనిషి గేటు దగ్గర మాయమై, లిఫ్టు దగ్గర తేలుతున్నాడు!

"అంకుల్, మన కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు లేదు. మంచి గేమింగ్ కార్డు ఒకటి వేస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రాడు. కెమెరాలు బిగించిన మెకానిక్ కూడా 'అవున్సార్, నలభై వేలల్లో అయిపోద్ది' అంటూ తలూపాడు.

విద్యుత్తు శాఖలో రిటైరైన సెక్రటరీ గారు కళ్లజోడు సవరించుకుని ఒక్కటే అడిగారు. "కార్డు వేస్తే పదకొండు రోజులు ముప్పై అవుతాయా బాబూ?"

ఇది ఊహించుకున్న సన్నివేశమే. కానీ మాదాపూర్ నుంచి మణికొండ దాకా ఏ అపార్ట్‌మెంట్ సంఘానికైనా, ఏ చిన్న ఆఫీసుకైనా ఎదురయ్యే ప్రశ్నే అది. కంప్యూటర్‌తో నడిచే నిఘా వ్యవస్థకు గ్రాఫిక్స్ కార్డు కావాలా? కావాలంటే ఎలాంటిది? ఆ డబ్బు వేరేచోట పెడితే ఎక్కువ మేలు జరుగుతుందా?

మూట కట్టడం... విప్పడం

సీసీ కెమెరా తాను చూసినదాన్ని ఉన్నదున్నట్టు పంపదు. అలా పంపితే ఏ తీగా మోయలేదు, ఏ డిస్కూ దాచలేదు. అందుకే బొమ్మల్ని చిన్న మూటగా కుదించి పంపుతుంది. ఆ మూట కట్టే పద్ధతుల పేర్లే హెచ్.264, హెచ్.265. మొదటిది 2003లో, రెండోది 2013లో ప్రమాణాలుగా స్థిరపడ్డాయి.

రికార్డింగ్ అంటే ఆ మూటల్ని విప్పకుండా తెచ్చి గోదాములో పేర్చడమే. ఈ పనికి గ్రాఫిక్స్ కార్డుతో అవసరమే లేదు. తెర లేకున్నా, ఎవరూ చూడకున్నా రికార్డింగ్ సాగిపోతుంది. కావలసిందల్లా నికరమైన నెట్‌వర్కు, పెద్ద హార్డ్‌డిస్కు, ఆగని కరెంటు.

చూడటం మాత్రం వేరే సంగతి. తెరమీద బొమ్మ కనిపించాలంటే మూట విప్పాలి. సెకనుకు పాతిక బొమ్మల చొప్పున, ఎన్ని కెమెరాలు చూస్తుంటే అన్ని మూటలు ఒకేసారి విప్పుతూ ఉండాలి. గ్రాఫిక్స్ చిప్పు పనికొచ్చేది ఇక్కడే. అది చేతకాకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ప్రాసెసర్ అలసిపోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

అంటే ఆ అపార్ట్‌మెంట్లో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. పదకొండు రోజులే నిలవడం గోదాము జబ్బు. బొమ్మ తడబడటం మూట విప్పే జబ్బు. రెంటికీ ఒకటే మందు వేస్తే ఎలా?

అప్పటి సలహా, అప్పటి లెక్క

'మంచి కార్డు వెయ్యండి' అన్న సలహా ఊరికే పుట్టలేదు. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో చుట్టూ ఆఫీసులు లేచాయి. వాటితోపాటు నిఘా కంప్యూటర్లూ వచ్చాయి. అప్పటి కెమెరాలు అనలాగ్‌వి. టీవీ కేబుల్ లాంటి తీగ మీద ముడి బొమ్మను పంపేవి. కంప్యూటర్ లోపలి క్యాప్చర్ కార్డు దాన్ని అంకెలుగా మార్చేది.

ఆ ముడి బొమ్మ బరువు తక్కువేం కాదు. 704 చుక్కల వెడల్పు, 576 చుక్కల ఎత్తు, ఒక్కో చుక్కకు రెండు బైట్లు, సెకనుకు 25 బొమ్మలు... ఒక్క కెమెరాకే సెకనుకు 20 మెగాబైట్లు. కార్డులు కూర్చునే పీసీఐ దారి మోయగలిగింది కాగితం మీద లెక్కకే సెకనుకు 133 మెగాబైట్లు. ఆరు కెమెరాలు పూర్తి సైజులో వస్తే దారి నిండిపోయేది. అలాంటప్పుడు బొమ్మను సరాసరి తెరమీద పరచగల 'ఓవర్‌లే' సౌకర్యం ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఉంటే ప్రాసెసర్‌కు ఊపిరాడేది. అందుకే నిఘా సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్లు ఫలానా చిప్పున్న కార్డే కావాలని పట్టుబట్టేవారు. అది ఆ కాలానికి న్యాయమైన మాటే.

ఇప్పుడు కెమెరాలు నెట్‌వర్కు తీగ మీద మూట కట్టే పంపుతున్నాయి. 2008లో ఆన్‌విఫ్ అనే ఉమ్మడి ప్రమాణానికి పునాది పడ్డాక, వేర్వేరు కంపెనీల కెమెరాలను ఒకే కంప్యూటర్‌కు కలపడమూ సులువైంది. కాలం మారింది. సలహా మాత్రం మారలేదు!

లెక్కల టీచరమ్మ లెక్క

మీటింగులో కూర్చున్నవాళ్లలో సంఘం ట్రెజరర్ కూడా ఉన్నారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన టీచరమ్మ. "ఒకేసారి ఎన్ని బొమ్మలు చూస్తున్నాం?" అని అడిగారావిడ. ముప్పై రెండూ ఒకే తెరమీద, అడ్డంగా ఆరు, నిలువుగా ఆరు గళ్లలో.

పూర్తి హెచ్‌డీ బొమ్మ అంటే 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు. మొత్తం 20 లక్షల 73 వేల పైచిలుకు చుక్కలు. సెకనుకు 25 బొమ్మలు, 32 కెమెరాలు... సెకనుకు దాదాపు 166 కోట్ల చుక్కలు విప్పాలి. మరి చూపించే తెరో? అదీ పూర్తి హెచ్‌డీనే. ఆరార్ల ముప్పై ఆరు గళ్లలో ఒక్కో గడికి దక్కేది 320 చుక్కల వెడల్పు, 180 ఎత్తు మాత్రమే. అంటే 36 చుక్కలు విప్పి, ఒక్కటి చూపించి, 35 పారేయడం!

"ముప్పై ఆరు చపాతీలు కాల్చి, ఒకటి వడ్డించి మిగతావి చెత్తబుట్టలో వేసినట్టుంది" అన్నారు టీచరమ్మ. అందరూ నవ్వారు. కానీ సైబరాబాద్‌లో ఎన్నో సెక్యూరిటీ గదుల్లో రాత్రింబవళ్లు జరుగుతున్నది ఇదే.

దీనికి విరుగుడు కెమెరాలోనే ఉంది. ఇప్పటి నెట్‌వర్కు కెమెరాలు చాలావరకు ఒకేసారి రెండు ధారలు పంపగలవు. రికార్డింగ్ కోసం పెద్దది, చూడటానికి చిన్నది. ఈ చిన్న ధారనే 'సబ్ స్ట్రీమ్' అంటారు. దాని బొమ్మ 640 వెడల్పు, 360 ఎత్తు ఉందనుకుంటే విప్పాల్సిన పని సరిగ్గా తొమ్మిదో వంతుకు పడిపోతుంది. 166 కోట్లు కాస్తా 18 కోట్ల చిల్లర! ఏదైనా గడి మీద రెండుసార్లు నొక్కి పెద్దది చేసినప్పుడు మాత్రం పెద్ద ధార చూపించేలా సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు. సెట్టింగుల్లో ఓ అరపూట కూర్చుంటే చాలు.

చిప్పులోనే ఉన్న సాయం

అంతా సర్దాక కూడా మూట విప్పే బలం కొంత కావాల్సిందే. దానికి వేరే కార్డే అక్కర్లేదు. ఇంటెల్ 2011లో తెచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి, చిప్పులోని గ్రాఫిక్స్ భాగంలోనే వీడియో విప్పే ప్రత్యేక యంత్రాంగం ఉంటోంది. దాని పేరు క్విక్ సింక్. ఏఎండీ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ కలిసి వచ్చే రకాల్లోనూ ఇలాంటిది ఉంది. ఆటల కోసం కొనే కార్డులో ఎక్కువ డబ్బు పోయేది త్రీడీ దృశ్యాలు గీసే భాగానికి. కెమెరా బొమ్మలు చూస్తున్నప్పుడు ఆ భాగానికి దాదాపు పనే ఉండదు. వీడియో విప్పేది పక్కనుండే మరో చిన్న యంత్రాంగం.

అయితే కొనేముందు నాలుగు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, ప్రాసెసర్ పేరు చివర ఉండే అక్షరం. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. ధర కొంచెం తక్కువని అది కొంటే, ఆ తర్వాత కార్డు కొనక తప్పదు. చవక బేరం రెట్టింపు ఖర్చంటే ఇదే.

రెండోది, తరం. కెమెరాలను హెచ్.265కు మారిస్తే డిస్కులో చోటు దాదాపు సగం మిగులుతుంది. కానీ ఆ మూట ముడి గట్టిది. విప్పడం కష్టం. 2015లో వచ్చిన ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లకు ముందువాటిలో దాన్ని విప్పే పూర్తి యంత్రాంగం లేదు. అలాంటి పాత కంప్యూటర్‌కు హెచ్.265 ధారలు వదిలితే, డిస్కు సంతోషిస్తుంది... ప్రాసెసర్ చతికిలబడుతుంది!

మూడోది, పాత సరుకు కొత్త డబ్బాలో. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, కోఠీ గుజరాతీ గల్లీలోనైనా, ఆన్‌లైన్‌లోనైనా చవకలో గ్రాఫిక్స్ కార్డు అడిగితే జీటీ 710, జీటీ 730 లాంటివి చాలాకాలం కొత్తవిగానే దొరికాయి. అవి పాత తరం చిప్పులతో తయారైనవి. హెచ్.265 విప్పే యంత్రాంగం వాటిలో లేదు. డబ్బా మీద '4 జీబీ' అని పెద్దక్షరాలుంటాయి. ఆ జీబీలు మూట విప్పవు! కార్డు కొనక తప్పకపోతే 'హెచ్.265 హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉందా?' అని అడిగి, కంపెనీ వివరాల్లో చూసుకుని కొనాలి.

నాలుగోది, మెమరీ. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. కంప్యూటర్ మెమరీనే పంచుకుంటుంది. అందువల్ల 16 జీబీ పలక ఒకటి వేసేకంటే 8 జీబీ పలకలు రెండు వేస్తే మంచిది. మెమరీకి రెండు దారులు తెరుచుకుంటాయి.

ఇన్నీ చూశాక కూడా ఒక చిక్కు మిగిలి ఉండొచ్చు. నిఘా సాఫ్ట్‌వేర్‌లో 'హార్డ్‌వేర్ డీకోడింగ్' అన్న మీట నొక్కకపోతే ఎంత మంచి చిప్పున్నా వృథాయే. దీన్ని కనిపెట్టడం తేలిక. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ దగ్గర 'వీడియో డీకోడ్' గీత చూడాలి. కెమెరాలన్నీ తెరమీద ఆడుతున్నా ఆ గీత నేలకే అంటుకుని, ప్రాసెసర్ గీత మాత్రం ఆకాశంలో ఉంటే... లోపం చిప్పుది కాదు, సెట్టింగుది!

కార్డు నిజంగా కావలసిన చోటు

అలాగని గ్రాఫిక్స్ కార్డులన్నీ దండగ అనుకోకూడదు. నాలుగైదు తెరలు పక్కపక్కనే పెట్టి చూసే కంట్రోల్ రూములకు అవి కావాలి. అన్ని తెరలకు తీగలు తగిలించే చోటు మామూలు కంప్యూటర్‌కు ఉండదు. బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టు 4న ప్రారంభమైన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌లా గోడంత తెర నడపాలంటే ఆ సరంజామా వేరు. అపార్ట్‌మెంట్‌కు అది కొలమానం కాదు.

రెండో అవసరం వెతుకులాట. దొంగ కోసం నాలుగు కెమెరాల రికార్డింగును ఒకేసారి నాలుగింతల వేగంతో తిప్పి చూస్తే, అది పదహారు కెమెరాలు పూర్తి సైజులో చూసినంత పని. రోజూ ఇలా వెతికే పనుండే పెద్ద క్యాంపస్‌లకు అదనపు బలం ఉండాలి. ఏడాదికి రెండుసార్లు వెతికేవాళ్లు కాస్త నిదానంగా తిప్పుకుంటే చాలు.

మూడోది అసలైనది... కంప్యూటరే బొమ్మను చూసి అర్థం చేసుకోవడం. బండి నంబరు చదవడం, మనిషినీ కుక్కనూ వేరుచేయడం, గోడ దూకినవాణ్ని పట్టివ్వడం. ఈ కృత్రిమ మేధ పనికి ఒకేసారి వేలాది చిన్న లెక్కలు చేయాలి. గ్రాఫిక్స్ కార్డు పుట్టిందే అందుకు. ఈ పనికైతే ఖర్చు పెట్టడం న్యాయమే. కానీ ముప్పై రెండు కెమెరాలకూ ఆ తెలివి అక్కర్లేదు. గేటు దగ్గర రెండింటికి ఉంటే సరిపోతుంది. ఇప్పుడు కొన్ని కెమెరాలు ఆ తెలివితోనే వస్తున్నాయి కూడా. అలాంటి రెండు కెమెరాలా, ఒక కార్డా అని పోల్చుకుని కొనాలి.

కరెంటు బిల్లు సంగతీ మరిచిపోకూడదు. నిఘా కంప్యూటర్‌కు నిద్ర లేదు. అదనంగా వంద వాట్లు లాగే కార్డు అందులో ఆగకుండా పనిచేస్తే రోజుకు 2.4 యూనిట్లు, ఏడాదికి 876 యూనిట్లు!

ముప్పై రోజుల మాట

హైదరాబాద్‌కు ఈ ముప్పై రోజుల లెక్క ఊరికే రాలేదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. ఆ ఏడాదే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రజాభద్రత చర్యల అమలు చట్టం వచ్చింది. జనం పెద్దసంఖ్యలో చేరే వాణిజ్య సంస్థలు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, ప్రార్థనాస్థలాల వంటి చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని, ఆ ఫుటేజీని ముప్పై రోజులు భద్రపరచాలని ఆ చట్టం చెబుతోంది. ఆ తర్వాత పోలీసులు 'నేను సైతం' పేరుతో కాలనీలనూ అపార్ట్‌మెంట్లనూ కెమెరాలు పెట్టుకోమని ప్రోత్సహించారు. ఇళ్ల సముదాయాలకూ ఆ ముప్పై రోజులే మంచి కొలత. పండక్కి ఊరెళ్లినవాళ్లు తిరిగొచ్చి ఫిర్యాదు చేసే దాకానైనా సాక్ష్యం మిగలాలి కదా!

ఇప్పుడు మళ్లీ టీచరమ్మ లెక్కకు వద్దాం. ఒక్కో కెమెరా హెచ్.264లో సెకనుకు 4 మెగాబిట్లు పంపుతోంది. రోజుకు 43 జీబీలు. ముప్పై రెండింటికి 1,380 జీబీలు. కంప్యూటర్లో ఉన్నవి 8 టీబీ డిస్కులు రెండు. 16 టీబీలను 1,380తో భాగిస్తే... పదకొండున్నర రోజులు! భోగి ఎందుకు చెరిగిపోయిందో కాగితం మీదే తేలిపోయింది.

కెమెరాలను హెచ్.265కు మార్చి 2 మెగాబిట్లకు దించితే రోజుకు 690 జీబీలు. అదే 16 టీబీ 23 రోజులకు వస్తుంది. ఇంకో 8 టీబీ డిస్కు వేస్తే 34 రోజులు. ముప్పై దాటి నాలుగు రోజులు మిగులు! అయితే 2 మెగాబిట్లకు దించాక రాత్రిపూట గేటు దగ్గర ముఖాలు, నంబరు ప్లేట్లు తెలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. తెలియకపోతే ఆ రెండు మూడు కెమెరాలకు మాత్రం కొంచెం ఎక్కువ ఇవ్వాలి.

డిస్కు కూడా నిఘా కోసమే చేసినదైతే మేలు. రాత్రింబవళ్లు రాస్తూనే ఉండటానికి అవి తగినవి. కరెంటు పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్ కంప్యూటర్‌కు ఒక్కదానికే ఉంటే చాలదు. కెమెరాలకు కరెంటిచ్చే స్విచ్‌కూ ఉండాలి. కెమెరాల గడియారాలన్నీ ఒకే సమయం చూపాలి. గేటు కెమెరా పదీ పది, లిఫ్టు కెమెరా పదీ పాతిక చూపిస్తుంటే దొంగ ఎటు వెళ్లాడో చెప్పడం ఎవరి తరం?

సెక్రటరీ గారి తీర్మానం

ఒక విచిత్రం చూడండి. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్... ప్రపంచానికి గ్రాఫిక్స్ చిప్పులందించే ఈ మూడు సంస్థలకూ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎందరో ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోనే ఉంటారు. కింద సెక్యూరిటీ గదిలో మాత్రం 'పెద్ద కార్డు వేస్తే సరి' అన్న పాత మాటే చలామణీ అవుతోంది. దీపం కింద చీకటి!

మళ్లీ కొండాపూర్ సెల్లార్‌కి వస్తే... కుర్రాడు గదిలోకెళ్లి కంప్యూటర్ చూసొచ్చాడు. ప్రాసెసర్ ఎనిమిదో తరానిది. చివర 'ఎఫ్' లేదు. టాస్క్ మేనేజర్లో వీడియో డీకోడ్ గీత నేలకే ఉంది. మీట నొక్కి, చిన్న ధారలు పెట్టాడు. గేటు దగ్గర మాయమైన మనిషి ఇప్పుడు నడుచుకుంటూ లిఫ్టు దాకా వచ్చాడు!

"సారీ అంకుల్, కార్డు అక్కర్లేదు" అన్నాడు కాస్త సిగ్గుపడుతూ.

సెక్రటరీ గారు పుస్తకంలో తీర్మానం రాశారు. 8 టీబీ డిస్కు ఒకటి. ఇంకో మెమరీ పలక. కెమెరాల స్విచ్‌కు యూపీఎస్. ప్రతి నెల ఒకటో తారీఖున ముప్పై రోజుల కిందటి ఫుటేజీ తెరిచి, ఉందో లేదో చూసి సంతకం పెట్టడం. ఈ చివరిది ట్రెజరర్ గారి పని.

"మరి మా బండి?" అంది మూడో అంతస్తు ఇల్లాలు.

ఎవరూ మాట్లాడలేదు. ఆ పదకొండు రోజులకు వెనక ఉన్న భోగిని ఏ కార్డూ తెచ్చివ్వలేదు. సెక్రటరీ గారు పుస్తకం మూసి, ఆమెతోపాటు పోలీసు స్టేషన్‌కు బయల్దేరారు... ఎదురింటి గేటు మీదున్న కెమెరా వైపు ఓసారి చూసుకుంటూ.